అత్తగారి జబ్బు కోడలికి రాదు. మరి అత్తగారే మేనత్త అయితే?

ప్రశ్న: మాది కావలి. నాకు 41 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన రొయ్యల మేత వ్యాపారం చేస్తారు. ఒక్కతే పాప, 19 ఏళ్ళు, ఒంగోలులో బీటెక్ చదువుతోంది. మా అత్తగారికి 47వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మద్రాసులో ఆపరేషన్ చేసి కీమో ఇచ్చారు. ఇప్పుడు ఆమెకు 63, బాగానే ఉన్నారు. ఈ మధ్య మా స్కూల్లో ఒక టీచరుకు అదే జబ్బు బయటపడింది. అప్పట్నుంచి నాకు సరిగా నిద్ర లేదు. డల్లాస్‌లో ఉన్న మా ఆడబిడ్డ 'నలభై దాటాయి కదా వదినా, ఏటా మామోగ్రామ్ తీయించుకో' అంటుంది. ఇంగ్లండులో నర్సుగా చేస్తున్న మా పిన్ని కూతురేమో 'ఇక్కడ యాభై వచ్చేదాకా పిలవనే పిలవరక్కా' అంటుంది. మా ఊళ్ళో డాక్టరు గారు 'గడ్డ తగిలితే రండి, లేనిపోని టెన్షన్ పెట్టుకోకండి' అన్నారు. అత్తగారి జబ్బు కోడలికి ఎట్లా వస్తుందని మా ఆయన నవ్వుతారు. మాది మేనరికమే లెండి, అత్తగారు మా నాన్నకు సొంత చెల్లెలు. మా నాయనమ్మ యాభై దాటకముందే కడుపులో నీరు చేరి పోయిందట, లివర్ చెడిపోయిందన్నారు అప్పట్లో. మా అమ్మ వైపు ఎవరికీ ఏమీ లేదు. అమ్మకు 64. నేను మామోగ్రామ్ ఎప్పుడు మొదలుపెట్టాలి? పాపకు కూడా తీయించాలా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో ఉంది. 'మాది మేనరికమే లెండి' అని మీరు తేలిగ్గా దాటేసిన చోట నేను ఆగిపోయాను. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరు అడిగినదానికి సూటిగా చెప్తాను. మీరు మొదటి మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, ఇప్పుడే తీయించుకోండి. తర్వాత ఏడాదికొకసారా, రెండేళ్ళకొకసారా, దానికి తోడు ఎంఆర్‌ఐ కూడా కావాలా అన్నది మీ అత్తగారిని పరీక్షిస్తే గాని తేలదు. పాపకు మామోగ్రామ్ వద్దు. మీరు అడగని ఒక మనిషికి మాత్రం తప్పకుండా కావాలి, మీ అమ్మగారికి.

మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఎవరి దేశంలో ఉన్న పద్ధతి వాళ్ళు చెప్పారు. అమెరికాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం 2024లో తన మాట మార్చుకుంది. అంతకుముందు యాభై నుంచి మొదలుపెట్టమని, నలభైల్లో ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడుకుని ఎవరికి వారు తేల్చుకోమని చెప్పేది. ఇప్పుడు 40 నుంచి 74 వరకు రెండేళ్ళకొకసారి అంటోంది. నలభైల్లో ఉన్న ఆడవాళ్ళలో అక్కడ జబ్బు పెరుగుతుండటం అందుకు ఒక కారణం. అదే దేశంలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ లెక్క వేరు: 40 నుంచి 44 వరకు మీ ఇష్టం, 45 నుంచి 54 వరకు ఏటా, ఆ తర్వాత రెండేళ్ళకొకసారి చాలు అంటుంది. ఇంగ్లండులో ప్రభుత్వమే ఇంటికి ఉత్తరం పంపి పిలుస్తుంది. మొదటి పిలుపు 50కి, 53కి మధ్యలో వస్తుంది. అక్కణ్ణుంచి 71 ఏళ్ళు నిండేదాకా మూడేళ్ళకొకసారి.

ఇంత తేడా ఎందుకంటే, యాభై దాటాక మామోగ్రామ్ వల్ల మేలుందన్న విషయంలో పెద్దగా తగాదా లేదు. తగాదా అంతా నలభైల మీదే. బ్రిటన్‌లో 1990లలో లక్షా అరవై వేల మంది స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. కొందరికి నలభై నుంచే ఏటా మామోగ్రామ్ తీశారు, మిగతావాళ్ళకు తీయలేదు. రెండు దశాబ్దాలు గమనించాక తేలిందేమంటే, నలభైల్లో దాదాపు 1,150 మందికి ఏటా తీస్తూ పోతే ఒక ప్రాణం నిలబడింది. ఆ ఒక్కరు మన ఇంటి మనిషైతే ఆ లెక్క పెద్దది. దేశం మొత్తానికి డబ్బు, మిషన్లు, డాక్టర్లు సర్దాల్సిన ఆఫీసరు చూస్తే అదే లెక్క చిన్నది. అందుకే ఒక దేశం అలా, ఒక దేశం ఇలా.

మన దేశంలో పద్ధతి ఇంకొకటి. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి శిక్షణ ఉన్న నర్సో, డాక్టరో చేత్తో రొమ్ము పరీక్ష చేయాలి. మామోగ్రామ్ మాట అందులో మొదటి మెట్టుగా లేదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపాక, నర్సు బీపీ, షుగరు చూసి, నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లతో పాటు దీన్నీ అడిగేది ఆ కార్యక్రమం కిందే. చాలామంది ఆడవాళ్ళు బీపీ చూపించుకుని, రొమ్ము పరీక్ష అనగానే 'నాకేం లేదమ్మా' అని పంపించేస్తారు. మీ స్కూల్లో 30 దాటిన టీచర్లందరికీ ఆ ఒక్క మాట చెప్పండి, పంపించేయొద్దని.

చేతి పరీక్షను తక్కువగా చూడకండి. ముంబైలో టాటా క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది బస్తీ స్త్రీలతో చేసిన అధ్యయనం ఉంది. డాక్టర్లు కూడా కారు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్ళకొకసారి చేత్తో చూశారు. ఇరవై ఏళ్ళ ఫలితాలు 2021లో వచ్చాయి. యాభై దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్ళలో మాత్రం నమ్మదగ్గ తేడా కనిపించలేదు. మిషన్ లేని ఊళ్ళో చేతులే మిషన్ అని ఆ ఫలితం చెప్తోంది. మీలాంటి నలభైల వాళ్ళకు చేతులొక్కటే చాలవనీ చెప్తోంది.

'మన దేశంలో పదేళ్ళు ముందే వస్తుంది' అనే మాట మీరు వినే ఉంటారు. క్యాంపుల బ్యానర్ల మీద కూడా రాస్తారు. మన దగ్గర జబ్బు బయటపడే సగటు వయసు తక్కువన్నది నిజమే. కానీ అందులో చాలా భాగం మన జనాభాలోనే వయసు తక్కువ వాళ్ళు ఎక్కువ ఉండటం వల్ల. నలభై ఏళ్ళ కావలి స్త్రీని, నలభై ఏళ్ళ డల్లాస్ స్త్రీని పక్కపక్కన పెడితే ఈ జబ్బు వచ్చే అవకాశం కావలి స్త్రీకే తక్కువ. అలాగని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,000 మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ అంచనా. ఇంత మంది పోవడానికి పెద్ద కారణం ఆలస్యంగా రావడం.

ఇక మేనరికం సంగతి. అత్తగారి జబ్బు కోడలికి రాదన్న మీ ఆయన మాట వేరే ఇళ్ళలో నూటికి నూరుపాళ్ళు నిజం. మీ ఇంట్లో ఆమె అత్తగారి కంటే ముందు మేనత్త. మీ నాన్న, ఆమె ఒకే తల్లి కడుపున పుట్టారు. అంటే మీకు ఆమె రక్తసంబంధీకురాలు. డాక్టరు 'మీ కుటుంబంలో ఎవరికైనా ఉందా' అని అడిగితే చాలామంది అమ్మ, అమ్మమ్మ, పిన్నమ్మల దాకా చెప్పి ఆపేస్తారు. నాన్న వైపు ఆడవాళ్ళను లెక్కలోకే తీసుకోరు. ఈ జబ్బును పెంచే జన్యు మార్పులు నాన్న నుంచి రావడానికీ, అమ్మ నుంచి రావడానికీ అవకాశం సమానం. ఆస్తి పంపకాల్లో ఆడపిల్లకు వాటా ఎగ్గొట్టొచ్చు గానీ ఇందులో ఎవరి వాటా వాళ్ళకు వచ్చే తీరుతుంది. మగవాళ్ళు తమకేమీ కాకుండానే దాన్ని కూతుళ్ళకు అందించగలరు.

ఇప్పుడు మీ నాయనమ్మ. ఆమె మీ ఆయనకు అమ్మమ్మ. యాభై లోపు వయసు, కడుపులో నీరు, చావు. లివర్ జబ్బుతో అలా జరగొచ్చు, టీబీతోనూ జరగొచ్చు. అండాశయ క్యాన్సర్ కూడా చాలాసార్లు సరిగ్గా ఇలాగే, కడుపు ఉబ్బి నీరు చేరాకే బయటపడుతుంది. ఆ రోజుల్లో స్కానింగులు లేని చోట అన్నిటికీ 'లివర్' అనే అనేవాళ్ళు. ఏదన్నది ఇప్పుడు తేల్చలేం. కానీ తల్లి అలా పోయి, కూతురికి 47లో రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే, ఏ క్యాన్సర్ డాక్టరైనా కుర్చీ ముందుకు జరుపుకుని వింటాడు.

ఎందుకంటే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అని రెండు జన్యువులున్నాయి. 1994, 95 ప్రాంతంలో వీటిని కనిపెట్టారు. వీటిలో చెడు మార్పు ఉన్నవాళ్ళకు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రెండూ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. ఎనభై ఏళ్ళు బతికితే అలాంటి స్త్రీలలో నూటికి 70 మందికి అటూ ఇటుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి అయిదు నుంచి పది శాతమే. మీ అత్తగారిది అందులోది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. నేను చెప్పేదల్లా అడిగి తెలుసుకోదగ్గ కారణం ఉందని. 50 లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషికి జన్యు పరీక్ష చేయొచ్చన్నది ఇప్పుడు మామూలు నియమం. 16 ఏళ్ళ కింద మద్రాసులో మీ అత్తగారికి ఎవరూ ఆ మాట చెప్పి ఉండరు. అప్పట్లో ఆ పరీక్ష ఖరీదు అలా ఉండేది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. భయపడ్డది మీరు కాబట్టి పరీక్ష మీరు చేయించుకోవాలనిపిస్తుంది. కాదు, ముందు జబ్బు వచ్చిన మనిషి చేయించుకోవాలి. మీకు చేసి ఏమీ లేదని వస్తే, అది మీ ఇంట్లో ఏ మార్పూ లేనందువల్లో, ఉన్నా మీకు రానందువల్లో తెలియదు. మీ అత్తగారి రక్తం పరీక్షిస్తే దారి తెలుస్తుంది. ఆమెలో మార్పు దొరికితే, మిగతావాళ్ళకు సరిగ్గా ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, ఖర్చూ తక్కువ. మీ ఆయనకు ఉండే అవకాశం సగం. మీ నాన్నకూ సగం. ఆ లెక్కన మీకు నాలుగో వంతు. మీ పాపకు రెండు వైపుల నుంచీ దారి ఉంది కాబట్టి ఆమె వాటా మీ కంటే ఎక్కువ, దాదాపు మూడో వంతు. మేనరికపు ఇళ్ళలో ఈ లెక్క అడ్డదిడ్డంగా ఉంటుంది. బయటి దేశాల ఫారాల్లో దానికి గడి కూడా ఉండదు. అందుకే జన్యు కౌన్సెలింగ్ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు 'అత్తగారికి' అని చెప్పకండి. కాగితం మీద చెట్టు గీసి, నాయనమ్మ దగ్గర్నుంచి గీతలు లాగి చూపించండి. ఎవరికి ఏ వయసులో ఏ జబ్బు అన్నది పక్కన రాయండి. అండాశయం, ప్రొస్టేట్, పాంక్రియాస్ క్యాన్సర్లు ఎవరికైనా వచ్చాయేమో, మగవాళ్ళలో ఎవరికైనా రొమ్ములో గడ్డ వచ్చిందేమో కనుక్కోండి. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే ఫలానా ఆమె ఎట్లా పోయిందో బాగానే చెప్తారు.

ఈ పరీక్ష మాట ఇంట్లో ఎత్తడం తేలిక కాదని తెలుసు. జబ్బు నయమై పదహారేళ్ళయిన మనిషిని మళ్ళీ ఆ జ్ఞాపకాల్లోకి లాగడం ఒకటి. 'రేపు పాప పెళ్ళి సంబంధాలకు ఇది తెలిస్తే' అన్న గొణుగుడు ఇంకొకటి. మీ అత్తగారితో కోడలిగా కాకుండా మేనకోడలిగా మాట్లాడండి, మీకు ఆ చనువుంది. ఆమె ఒప్పుకోకపోతే బలవంతం లేదు. ఆమె పాత ఫైలు ఉంటే తీసి చూడండి. బయాప్సీ రిపోర్టులో, అంటే గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టులో, ఈఆర్, పీఆర్, హెర్2 అని ఆ గడ్డ ఏ రకందో చెప్పే మూడు పరీక్షలు ఉంటాయి. మూడూ నెగటివ్ అని ఉంటే బీఆర్‌సీఏ1 అనుమానం ఇంకొంచెం బలపడుతుంది.

అన్నట్టు డల్లాస్ ఆడబిడ్డ సంగతి. ఆమె మీకిచ్చిన సలహా అసలు ఆమెకు తగినది. జబ్బు వచ్చింది ఆమె సొంత తల్లికి. తల్లికో, అక్కచెల్లెళ్ళకో వచ్చినవాళ్ళకు ప్రమాదం మామూలు వాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. వాళ్ళకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు నుంచి మొదలుపెట్టమని చాలామంది డాక్టర్లు చెప్తారు. ఆమె విషయంలో అది 37. ఆమె తీయించుకుంటోందా అని ఒకసారి అడగండి. అమెరికాలో ఉండి ఊళ్ళో వాళ్ళకు చెప్పేవాళ్ళలో తాము చేయించుకోనివాళ్ళు కొందరుంటారు. జన్యు పరీక్ష మాట కూడా ముందు ఆమెకు చెప్తే, తల్లిని ఒప్పించే పని ఆమే చూసుకుంటుంది.

ఇప్పుడు మీ దారి. అత్తగారి పరీక్షలో ఏ మార్పూ దొరక్కపోయినా, అసలు పరీక్షే జరగకపోయినా, 41లో మొదలుపెట్టి రెండేళ్ళకొకసారి తీయించుకోవడం మీకు సరిపోతుంది. మార్పు దొరికి, అది మీకూ ఉందని తేలితే లెక్క మారిపోతుంది. అప్పుడు ఏటా మామోగ్రామ్, ఏటా ఎంఆర్‌ఐ, పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు తీయించే విషయం కూడా మాట్లాడాల్సి ఉంటుంది. కొన్నిసార్లు రిపోర్టులో 'అర్థం తేలని మార్పు' అని వస్తుంది. దాన్ని పట్టుకుని ఎవరూ ఏ ఆపరేషనూ చేయించుకోకూడదు.

ఎందుకు యాభై దాకా ఆగమనడం లేదని అడగొచ్చు. కుటుంబంలో ఎవరికీ లేని నలభై ఏళ్ళ మనిషి అడిగితే, 'నలభై అయిదు దాకా ఆగినా తప్పు లేదు, ఏటా డాక్టరు చేత చేతి పరీక్ష మాత్రం చేయించుకోండి' అని చెప్తాను. మీకు 47లో జబ్బు వచ్చిన మేనత్త ఉంది, నాయనమ్మ అనుమానం ఉంది, పైగా నిద్ర పట్టడం లేదు. నిద్ర పట్టకపోవడం కూడా కారణమేనని నేననుకుంటాను. కొందరు డాక్టర్లు ఒప్పుకోరు.

అయితే మామోగ్రామ్‌కు ఇంకో పక్క కూడా ఉంది, అది తెలుసుకునే వెళ్ళండి. అమెరికా లెక్కల్లో నూరు మందికి తీస్తే పదిమంది దాకా మళ్ళీ రమ్మంటారు. వాళ్ళలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. పదేళ్ళ పాటు ఏటా తీయించుకుంటూ పోతే సగం మందికి కనీసం ఒక్కసారైనా ఇలాంటి ఉత్తుత్తి భయం తగులుతుంది. నలభైల్లో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, ఫిల్ములో తెల్లగా పడుతుంది, గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. అందుకే మీ వయసులో తప్పుడు అలారాలూ ఎక్కువ, తప్పిపోయేవీ ఎక్కువ. ఇంకొకటి, మనిషి నిండు నూరేళ్ళు బతికినా ఇబ్బంది పెట్టని చిన్న క్యాన్సర్లు కూడా కొన్ని మామోగ్రామ్‌కు దొరుకుతాయి. దొరికాక వైద్యం చేయకుండా ఎవరూ ఉండలేరు. బ్రిటన్‌లో 2012లో ఒక స్వతంత్ర బృందం లెక్కగట్టింది: ఇలా జబ్బు లక్షణాలు లేనివాళ్ళకు ముందుగా చేసే పరీక్ష (స్క్రీనింగ్) వల్ల ఒక ప్రాణం నిలిచే చోట సుమారు ముగ్గురికి అక్కర్లేని వైద్యం జరుగుతోందని. ఇది విని మానేయమని కాదు. రిపోర్టులో ఏదో ఉందనగానే అదే వారం ఆపరేషన్ టేబుల్ ఎక్కకండని.

రిపోర్టులో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అంటే భయం లేదు. 0 అంటే ఫిల్ముతో తేలలేదు, ఇంకో బొమ్మో, స్కానింగో కావాలని అర్థం. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం రెండు శాతం లోపే, ఆరు నెలలకు మళ్ళీ చూస్తారు. 4, 5 వస్తే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని మన వైపు గట్టి నమ్మకం ఉంది. దాని వల్ల నెలల తరబడి నాటుమందులు తిరిగి, చివరికి పుండు పడ్డాక వచ్చినవాళ్ళున్నారు. సూదితో ముక్క తీస్తే జబ్బు ముదరదు. గడ్డను డాక్టరుకు చూపించాక రెండు నెలల్లోపు అదేంటో తేలిపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

కొన్ని ప్యాకేజీలకు దూరంగా ఉండండి. 'నొప్పి లేదు, తాకేది లేదు, రేడియేషన్ లేదు' అని వేడిని ఫొటో తీసే థర్మల్ స్క్రీనింగ్ క్యాంపులు పెడుతున్నారు. అది మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. ఫుల్ బాడీ చెకప్‌లో సీఏ 15-3 అని రక్తపరీక్ష కలిపితే, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో క్యాన్సర్ వెతకడానికి అది పనికిరాదు. 'రొమ్ము స్కానింగ్ తీయించాను, బాగుంది' అంటారు చాలామంది. అల్ట్రాసౌండ్ మంచిదే, దట్టమైన రొమ్ముల్లో మామోగ్రామ్‌కు తోడుగా పనికొస్తుంది. కానీ సున్నపు చుక్కల్లా మొదలయ్యే క్యాన్సర్లు దానికి సరిగా దొరకవు, అందుకని అదొక్కటే చాలదు.

ఎక్స్‌రే భయం వద్దు. ఒక మామోగ్రామ్‌లో పడే రేడియేషన్, మనం ఏడు వారాల పాటు మామూలుగా నేల నుంచీ, ఆకాశం నుంచీ పొందేదానికి సమానం. ఒక్కో రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి రెండేసి బొమ్మలు తీస్తారు. నొప్పిగానే ఉంటుంది, ప్రతి బొమ్మకూ కొన్ని సెకన్లు. నెలసరికి ముందు వారంలో వెళ్తే నొప్పి ఎక్కువ, నెలసరి అయిపోయిన వారం మంచిది. ఆ రోజు చంకల్లో పౌడరు, స్ప్రే వేసుకోకండి, ఫిల్ములో చుక్కల్లా పడతాయి. చీరో, రెండు ముక్కల డ్రస్సో అయితే పైభాగం మాత్రమే తీస్తే సరిపోతుంది. తీసేది ఆడమనిషేనా అని ముందే ఫోన్ చేసి అడగండి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మీకు కావలి నుంచి నెల్లూరూ, ఒంగోలూ రెండూ గంట పైచిలుకు దూరమే. ప్రైవేటులో ఊరిని బట్టి పదిహేను వందల నుంచి మూడు వేల దాకా అవుతుంది. ఎక్కడ తీయించుకున్నా రోజూ మామోగ్రామ్‌లు చదివే రేడియాలజిస్టు ఉన్న చోటు చూసుకోండి, మిషన్ కొత్తదా పాతదా అన్నదాని కంటే అది ముఖ్యం. జన్యు పరీక్ష, కౌన్సెలింగ్ లాంటి వాటికి తిరుపతో, మద్రాసో వెళ్ళాల్సి రావొచ్చు. ఒకవేళ జబ్బంటూ బయటపడితే వైద్యానికి ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ, ఉంది. మీకు కార్డు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

మీ అమ్మగారిని ఎందుకు తీసుకెళ్ళమన్నానంటే, ఆమెకు 64. వయసు పెరిగే కొద్దీ ఈ జబ్బు ప్రమాదం పెరుగుతుంది, మామోగ్రామ్ మేలు కూడా యాభై నుంచి డెబ్భై మధ్యే అన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది. వయసు మీద పడ్డ రొమ్ములో గడ్డ బాగా కనిపిస్తుంది, తప్పుడు అలారాలూ తక్కువ. మీ వయసు వాళ్ళు భయపడి మా దగ్గరికి వస్తారు, భయపడాల్సిన వయసు వాళ్ళు ఇంట్లో కూర్చుని 'ఈ వయసులో నాకెందుకులే' అంటారు. 'మా వైపు ఎవరికీ లేదు' అన్న మాటకూ పెద్ద బలం లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి తొమ్మిది మందిలో ఎనిమిది మందికి తల్లికి గానీ, అక్కచెల్లెళ్ళకు గానీ, కూతుళ్ళకు గానీ ఆ జబ్బు ఉండదు. 'నలుగురు పిల్లలకు పాలిచ్చాను, నాకు రాదు' అని కూడా అంటారు. పాలివ్వడం వల్ల ప్రమాదం కొంత తగ్గేది నిజం, రాదన్నది నిజం కాదు. మీ అత్తగారు కూడా ఒక రొమ్ము మిగిలి ఉంటే దానికి ఏటా తీయించుకోవాలి, పదహారేళ్ళయింది కదా అని ఆపేసి ఉంటే మళ్ళీ మొదలుపెట్టించండి.

పాప విషయం. 19 ఏళ్ళకు మామోగ్రామ్ ఎవరికీ చేయరు, జన్యు మార్పు ఉన్న ఇంట్లో కూడా చేయరు. ఆ వయసులో బొమ్మ సరిగా రాదు, లేత కణజాలానికి రేడియేషన్ కూడా మంచిది కాదు. ఇంట్లో మార్పు ఉందని తేలితే ఆమెకు పాతికేళ్ళు వచ్చాక, పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఆమే నిర్ణయించుకుంటుంది. అప్పుడూ ముందు ఎంఆర్‌ఐ, ముప్పై తర్వాతే మామోగ్రామ్. ఇప్పుడు ఆమెకు చెప్పాల్సింది ఇంతే: ఏదైనా గడ్డ తగిలితే సిగ్గుపడి దాచుకోవద్దని. ఆ వయసులో తగిలే గడ్డలు చాలావరకు జారిపోతూ తిరిగే మామూలు గడ్డలే, కానీ చూపించుకోవాలి.

మీ ఊరి డాక్టరు గారి మాటలో సగం వదిలేసి సగం ఉంచుకోండి. గడ్డ తగిలేదాకా ఆగమన్నది వదిలేయండి. గడ్డ తగిలితే రమ్మన్నది ఉంచుకోండి, ఎందుకంటే నిన్న మామోగ్రామ్ బాగుందని వచ్చినా రేపు కొత్తగా గడ్డ తగిలితే మళ్ళీ చూపించుకోవాల్సిందే. నొప్పి లేని గట్టి గడ్డ, చర్మం సొట్టపడటం, నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం, మానని పొక్కు, చంకలో గడ్డ, ఇవి చూసుకోవాలి. నెలనెలా పద్ధతి ప్రకారం తడుముకోవడం వల్ల మరణాలు తగ్గాయా అని షాంఘైలో రెండు లక్షల అరవై ఆరు వేల మంది మిల్లు కార్మికురాళ్ళతో చూశారు. తగ్గలేదని 2002లో తేల్చారు, అక్కర్లేని బయాప్సీలు మాత్రం పెరిగాయి. కాబట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని భయంభయంగా వెతుక్కోకండి. స్నానం చేసేటప్పుడో, జాకెట్టు మార్చుకునేటప్పుడో మీ ఒంట్లో కొత్తగా తేడా వస్తే గమనించేంత ఎరుక ఉంటే చాలు.

మామోగ్రామ్ అయ్యాక ఫిల్ములు, సీడీ, రిపోర్టు ఒక కవర్లో పెట్టి దాచండి. రెండేళ్ళ తర్వాత తీసేవాళ్ళకు పాత బొమ్మ పక్కన ఉంటే, అనవసరంగా మళ్ళీ రమ్మనే పరిస్థితి తగ్గుతుంది. అత్తగారి రిపోర్టులో ఆ మూడు పేర్ల ఎదురుగా ఏముందో దొరికితే నాకు రాయండి, తర్వాత ఎవరిని కలవాలో దాన్ని బట్టి చెప్తాను.